ఆ చెయ్యి లోపలికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఆహార పదార్థాలు తయారుచేసే ఫ్యాక్టరీలో మెషీన్లో పడి కార్మికుడి చెయ్యి నలిగిపోయిందన్న వార్త అప్పుడప్పుడూ పత్రికల్లో కనిపిస్తూ ఉంటుంది. నాలుగైదు లైన్లకు మించదు. చివరి లైను మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకటే. నడుస్తున్న మెషీన్లో అజాగ్రత్తగా చెయ్యి పెట్టడం వల్లే ప్రమాదం జరిగిందని యాజమాన్యం చెబుతుంది, వార్త ముగుస్తుంది. ఈమధ్య మీ పత్రికలో వచ్చినదీ అలాగే ముగిసింది. నేను ఇలాంటి ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. పిండి కలిపే మిక్సర్లు, మాంసం గ్రైండర్లు, స్లైసర్లు, కన్వేయర్లు, ప్యాకింగ్ మెషీన్లు విప్పడం, బిగించడం నా పని. కాబట్టి ఆ చివరి లైను దగ్గర నాకు ఒకటే సందేహం వస్తుంది. చెయ్యి పట్టేంత సందు ఆ మెషీన్లో అసలు ఎందుకు తెరిచి ఉంది?

సరదాకి రోలర్ల మధ్య చెయ్యి పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. మెషీన్ల లైను సజావుగా నడుస్తుంటే ఆపరేటర్ చేసేదల్లా పక్కన నిలబడి చూడటమే. చెయ్యి లోపలికి వెళ్లేది లైను జామ్ అయినప్పుడు, లేకపోతే క్లీనింగ్ చేసేటప్పుడు. నేను చూసిన పెద్ద గాయాల్లో చాలావరకు ఈ రెండు సమయాల్లో అయినవే. అప్పుడు గార్డు, అంటే తిరిగే భాగాలకు అడ్డంగా బిగించే రక్షణ కవచం, విప్పి ఉంటుంది, కరెంటు మాత్రం తీసి ఉండదు. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఫిట్టర్ నుంచి మేనేజర్ దాకా అందరికీ తెలుసు. వార్త రాసేవాళ్లకు, చదివేవాళ్లకు తెలియదు.

వేరే ఫ్యాక్టరీలతో పోలిస్తే మా దగ్గర ఒక తేడా ఉంది. ఇనుము పని చేసే షాపులో ఒక మెషీన్‌ని ఎప్పుడో సర్వీసింగ్‌కి విప్పుతారు. ఆహారం తయారయ్యే చోట రోజూ విప్పి కడగాల్సిందే. సరుకు మారినప్పుడు, అందులోనూ అలర్జీ తెచ్చే పదార్థం ఏదైనా ముందు సరుకులో ఉంటే, షిఫ్టు మధ్యలో కూడా విప్పి కడుగుతారు. అంటే గార్డు ఊడే సందర్భాలు ఎక్కువ. దానికి తోడు చేతులు తడిగా ఉంటాయి, నేల నూనెతోనో సబ్బు నీళ్లతోనో జారుతుంది, కోల్డ్ రూముల్లో వేళ్లు మొద్దుబారి బ్లేడు తగిలినా వెంటనే తెలియదు. ఇంకో మాట కూడా చెప్పాలి, వినడానికి కటువుగా ఉంటుంది. ఈ మెషీన్లలో చాలావాటిని తయారుచేసిందే మాంసాన్ని, ఎముకని కోయడానికి. లోపలికి వచ్చింది ఏదో అవి చూసుకోవు.

బయటివాళ్లు వేగంగా తిరిగే బ్లేడు చూసి భయపడతారు. మాకు భయం నెమ్మదిగా తిరిగేవాటితోనే. పిండిని పల్చగా చేసే రోలర్లు రెండూ లోపలివైపు తిరుగుతుంటాయి, వేలి కొన దొరికితే చాలు, మిగతా చేతిని అవే లాక్కుంటాయి. నిమిషానికి 30 మీటర్లు నడిచే బెల్టుని చూస్తే తీరిగ్గా పోతున్నట్టే ఉంటుంది. లెక్క వేస్తే సెకనుకు అర మీటరు. ఏదో పట్టుకుందని మనిషికి తెలిసి చెయ్యి వెనక్కి లాగేలోపు పావు సెకను పోయిందనుకున్నా, పన్నెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్లిపోయినట్టే. వేళ్లు పూర్తిగా రోలర్ కిందికి చేరడానికి అది చాలు. తొట్టిలో పొడవాటి మర తిరుగుతూ పొడిని ముందుకు తోసే స్క్రూ కన్వేయర్ ఇంకా నెమ్మది. తొట్టిలో పొడి అడ్డుపడితే రెండు వేళ్లతో కదిపేద్దాం అనిపిస్తుంది. స్క్రూ అంచుకీ తొట్టి గోడకీ మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే, అక్కడ పడ్డది ఏదీ బయటికి రాదు.

వీటన్నిటిలో నేను ఎక్కువగా అనుమానించేది రోటరీ వాల్వ్‌ని. పొడి నిలవ ఉంచే సైలో అడుగున, పొడి పోసే గరాటు లాంటి హాపర్ కింద, పొడిని కొంచెం కొంచెంగా కిందికి వదిలే చిన్న డబ్బా అది. లోపల రెక్కలు తాపీగా తిరుగుతుంటాయి. కింద పైపు విప్పగానే పైకి చెయ్యి పెట్టి గీకడానికి సరిగ్గా వీలుగా ఉంటుంది. మోటారు మోతలో అది తిరుగుతోందో ఆగిందో తెలియదు, రెక్కలు పైకి కనిపించవు. ఆ రెక్కలకూ చుట్టూ ఉన్న బాడీకీ మధ్య సందు కాగితం మందమే ఉంటుంది. ప్రమాదాల పోస్టర్లలో ఎప్పుడూ రంపం బొమ్మే వేస్తారు గానీ ఈ వాల్వ్ బొమ్మ వేసినవాళ్లు నాకు ఇంతవరకూ కనపడలేదు.

ప్యాకింగ్ మెషీన్ల సంగతి వేరు. కవర్‌ని అతికించే సీలింగ్ దిమ్మెలు కాలుస్తాయి, నలుపుతాయి కూడా. వాటిని మూసేది కంప్రెస్డ్ ఎయిర్. మెయిన్ స్విచ్ తీసేసినా గొట్టాల్లో గాలి అలాగే ఉంటుంది. ఇరుక్కున్న కవర్ ముక్కని లాగగానే అప్పటిదాకా ఆగి ఉన్న, దిమ్మెని నెట్టే గాలి సిలిండర్ ఒక్కసారిగా కొట్టేస్తుంది. కరెంటు తీశాం కదా అన్న ధైర్యంతోనే చెయ్యి పెడతారు మనుషులు.

ఒక ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒక అక్క సంగతి చెబుతాను. ఆమెది రాత్రి క్లీనింగ్ షిఫ్ట్, కాంట్రాక్టర్ మనిషి. పిండి రోలర్‌కి అంటుకున్న పిండిని గుడ్డతో తుడవాలి. రోలర్ ఆగి ఉంటే ముందు కనిపించే భాగమే తుడవగలం. చుట్టూ తుడవాలంటే దాన్ని తిప్పాలి. చేత్తో తిప్పే ఏర్పాటు ఆ మెషీన్‌కి లేదు. నొక్కి పట్టుకుంటేనే నెమ్మదిగా తిరిగి, వదిలేస్తే ఆగిపోయే బటన్ కూడా లేదు. ఉన్నవి స్టార్ట్, స్టాప్ రెండే. కాబట్టి అక్కడ అందరూ చేసేది ఒకటే, మెషీన్ నడిపిస్తూ తుడవడం. ఆ రాత్రి గుడ్డ అంచు లోపలికి పోయింది. తర్వాత చూడటానికి వెళ్తే ఆమె నాతో అన్నది ఇదీ: "గుడ్డ నేను అప్పుడే వదిలేశాను అన్నా. గ్లౌజే నన్ను వదల్లేదు."

విచారణ కాగితంలో రాసింది మాత్రం "మెషీన్ ఆపకుండా శుభ్రం చేయడం నిబంధనలకు విరుద్ధం" అని. నిజమే, విరుద్ధమే. కానీ ఆపి తుడవడానికి ఎంత టైమ్ పడుతుందో ఎవరూ కొలవలేదు. తెల్లవారేలోపు లైను అప్పజెప్పాలన్న గడువు ఒక్కటే ఉంది. ఆ పని ఆపి చేయడానికి వీలుగా మెషీన్‌ని ఎవరూ మార్చలేదు. ఆమె చెయ్యి పోయాకే నొక్కి పట్టుకునే బటన్ వచ్చింది, పెట్టడానికి మాకు పట్టింది ఒక్క పూట.

గ్లౌజుల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం జరగగానే యాజమాన్యాలు మొదట చేసేది గ్లౌజులు పంచడమే. కత్తితో కోసేవాళ్లకు, చేత్తో బ్లేడు పట్టుకుని కడిగేవాళ్లకు కట్ గ్లౌజ్ ఎంతో మేలు చేస్తుంది. ఎముకల నుంచి మాంసం వేరుచేసేవాళ్లు వేసుకునే స్టీలు జాలీ గ్లౌజ్ వల్ల ఎన్నో వేళ్లు నిలిచాయి. అదే గ్లౌజ్ తిరిగే రోలర్ దగ్గర, మిక్సర్ దగ్గర, డ్రిల్లు దగ్గర వేసుకుంటే గాయం ఇంకా పెద్దదవుతుంది. ఒట్టి చెయ్యి అయితే చర్మం చీరి తప్పించుకోవచ్చేమో, గట్టి గుడ్డ గ్లౌజ్ తెగదు, చేతినే లాగుతుంది. ఉంగరాలకూ ఇదే వర్తిస్తుంది. ఏ మెషీన్ దగ్గర వేసుకోవాలో, ఏ మెషీన్ దగ్గర తీసెయ్యాలో చెప్పకుండా అందరికీ ఒకే గ్లౌజ్ ఇచ్చి సంతకం పెట్టించుకుంటే, దానివల్ల ఒడ్డునపడేది ఫైలు ఒక్కటే.

ఎర్ర బటన్ మీద కూడా ఇలాంటి నమ్మకమే ఒకటుంది. ఎమర్జెన్సీ స్టాప్ ఉంది కదా అంటారు. చెయ్యి ఇరుక్కున్నాక ఇంకో చెయ్యి అందితేనే కదా అది నొక్కేది. నొక్కినా బరువైన బ్లేడ్లు, డ్రమ్ములు ఆ ఊపులో ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటాయి. కాంతి కిరణాలకు చెయ్యి అడ్డం రాగానే మెషీన్‌ని ఆపే లైట్ కర్టెన్‌లాంటి రక్షణ పరికరాలు మెషీన్‌కి ఎంత దూరంలో పెట్టాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13855, చెయ్యి సెకనుకు 1.6 నుంచి 2 మీటర్ల వేగంతో లోపలికి వెళ్తుందని లెక్క కడుతుంది. మెషీన్ పూర్తిగా ఆగడానికి అర సెకను పట్టినా ఆలోపు చెయ్యి 80 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా వెళ్లిపోతుంది. అందుకే ఊపు ఉన్న మెషీన్లకు తలుపు తియ్యగానే ఆగే ఇంటర్‌లాక్ సరిపోదు. లోపల తిరగడం పూర్తిగా ఆగేదాకా తలుపే తెరుచుకోకూడదు. అలాంటి లాకులు ఎప్పటినుంచో దొరుకుతున్నాయి.

సందుల కొలతలకు ఐఎస్ఓ 13857 ఉంది. గార్డులో ఎంత సందు ఉంటే ప్రమాదం ఎంత దూరంలో ఉండాలో అందులో పట్టికలు ఇచ్చారు. ఐదారు మిల్లీమీటర్ల పొడవాటి చీలిక ఉంటే వేలి కొన మాత్రమే దూరుతుంది కాబట్టి ఒక సెంటీమీటరు దూరం చాలు. 20 మిల్లీమీటర్లు దాటిన పొడవాటి చీలికలోంచి చెయ్యి భుజం దాకా వెళ్లగలదు కాబట్టి 850 మిల్లీమీటర్ల దూరం కావాలి. తేడా అంతుంటుంది. ఇప్పుడు మీరు ఏ ఫ్యాక్టరీకైనా వెళ్లి చూడండి, కంపెనీ నుంచి వచ్చిన గార్డుకి గ్యాస్ కట్టర్‌తో చేసిన ఒక కన్నం కనిపిస్తుంది. జామ్ అయినప్పుడు కర్ర పెట్టి పొడవడానికని చేసిన కన్నం. కొన్నాళ్లకు కర్ర ఎక్కడో పోతుంది, కన్నం అలాగే ఉంటుంది.

ఇంటర్‌లాక్‌లను బైపాస్ చేయడం మీద సేఫ్టీ మీటింగుల్లో పెద్ద పెద్ద ఉపన్యాసాలు వింటుంటాం. తలుపు మూసే ఉందని స్విచ్‌ని నమ్మించడానికి అందులో విడి తాళంచెవి దూర్చి టేపు చుట్టేస్తారు, అయస్కాంతం అంటించేస్తారు. తప్పే. కానీ ఎందుకు చేస్తారో ఎవరూ అడగరు. షిఫ్టులో ఒకటి రెండుసార్లు ఆగే మెషీన్‌కి ఎవరూ టేపు చుట్టరు. పది నిమిషాలకోసారి జామ్ అయ్యి, తలుపు తీసిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి స్టార్ట్ చేయాల్సి వస్తూ, అవతల టార్గెట్ బోర్డు మీద అంకె ఎర్రగా వెలుగుతుంటేనే చుడతారు. ఆ జామ్‌కి కారణం అరిగిపోయిన స్క్రేపర్ కావచ్చు, పక్కకి లాగుతున్న బెల్టు కావచ్చు, పిండిలో నీళ్ల పాలు మారడం కావచ్చు. దాన్ని సరిచేస్తే టేపు అక్కర్లేదు. నా దృష్టిలో జామ్‌ల రిజిస్టర్ ఉత్పత్తి విభాగం లెక్క మాత్రమే అయితే లాభం లేదు, సేఫ్టీ ఆఫీసర్ రోజూ మొదట చదవాల్సింది అదే. ఏ మెషీన్‌లో ఎక్కువసార్లు చెయ్యి పెట్టాల్సి వస్తోందో అందులోనే రాసి ఉంటుంది. ప్రమాదం జరిగాక ఆ రిజిస్టర్ తీసి చూసిన విచారణ ఒక్కటీ నాకు గుర్తులేదు.

క్లీనింగ్‌కి, రిపేర్‌కి మందు అందరికీ తెలిసిందే. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, ఆ తాళంచెవి లోపల చెయ్యి పెట్టే మనిషి జేబులో ఉండటం. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు. ఆఖరి మనిషి తాళం తీసేదాకా మెషీన్‌కి కరెంటు రాదు. దీన్నే లాకౌట్ అంటారు. అమెరికాలో 1989లోనే దీనికి ప్రత్యేక నిబంధన తెచ్చారు. తాళం వేశాక గాలి గొట్టాల్లో ఒత్తిడి వదిలెయ్యాలి, పైకి లేచి ఉన్న బరువుకి ఆధారం పెట్టాలి, ఆ తర్వాత స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. వేరే ప్యానెల్ స్విచ్‌కి తాళం వేసిన సంగతి బయటపడేది అక్కడే.

చాలా చోట్ల జరిగేది ఏమిటంటే, తాళాలు మెయింటెనెన్స్ వాళ్లకే ఇస్తారు. క్లీనింగ్ వాళ్లకు ఇవ్వరు. వాళ్లు కాంట్రాక్ట్ మనుషులు, నెలకోసారి మారిపోతుంటారు, ప్యానెల్ ముట్టుకోవడానికి వాళ్లకు అనుమతి లేదు. మెషీన్ ఆపించాలంటే సూపర్‌వైజర్‌ని వెతుక్కోవాలి, ఆయన ఇంకో లైన్లో ఉంటాడు. లోపల చెయ్యి పెట్టే మనిషికి తాళం ఇవ్వకుండా, బయట తిరిగే మనిషి దగ్గర పెడితే ఆ తాళం ఎందుకు? ఒక రాత్రి క్లీనింగ్ షిఫ్టులో నిలబడి తాళాలు ఎవరి నడుముకి వేలాడుతున్నాయో చూస్తే, ఆ ఫ్యాక్టరీలో ప్రమాదం ఎవరికి జరగబోతోందో చెప్పెయ్యొచ్చు.

ఇక జరిగిపోయాక ఏం చెయ్యాలన్నది. ఇది మీ పాఠకుల్లో ఎవరికైనా ఎప్పుడో పనికి రావచ్చు కాబట్టి వివరంగా రాస్తున్నాను. చెయ్యి రోలర్లలోనో గ్రైండర్లోనో ఇరుక్కుంటే గట్టిగా లాగకూడదు. ఏ వైపు తిరుగుతుందో తెలియకుండా మెషీన్‌ని రివర్స్‌లో తిప్పకూడదు. కరెంటు తీసి, అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అదే ఊపిరిలో ఫిట్టర్‌ని పిలవండి. ఏ బోల్టు విప్పితే రోలర్ పైకి లేస్తుందో, గ్రైండర్ ముందు భాగం మెషీన్ నుంచి ఎలా విడిపోతుందో ఆ సమయంలో తెలిసేది అతనికే. మాంసం గ్రైండర్ ప్రమాదాల్లో ఆ ముందు భాగాన్ని మెషీన్ నుంచి విడదీసి, చెయ్యి అందులో ఉండగానే మనిషిని ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మత్తు ఇచ్చాక అక్కడే విప్పుతారు. అక్కడ కూడా స్పానర్ పట్టుకునే మనిషి కావాలి.

రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని చెయ్యి పైకి ఎత్తి ఉంచాలి. వేలు పూర్తిగా తెగిపోతే దాన్ని వెతికి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీళ్లు చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. వేలిని నేరుగా ఐసులో పెట్టకూడదు, గడ్డకట్టి కణాలు పాడైపోతాయి. చల్లదనం లేకుండా తెగిన వేలు సుమారు పన్నెండు గంటలు తట్టుకుంటుంది, ఇలా చల్లగా ఉంచితే ఇంకా ఎక్కువ సేపు. మణికట్టు పైన తెగితే అంత టైమ్ ఉండదు, కండ ఉన్న భాగం ఆరు గంటల్లోనే దెబ్బతింటుంది. ఐసు దొరకని ఫుడ్ ఫ్యాక్టరీ దాదాపు ఉండదు. శుభ్రమైన సంచి ఎక్కడుందో, ఈ పని ఎలా చెయ్యాలో తెలిసిన మనిషి రాత్రి షిఫ్టులో ఉన్నాడో లేదో మాత్రం చెప్పలేం.

1963లో షాంఘైలో ఒక కార్మికుడి కుడి చెయ్యి పంచింగ్ మెషీన్లో మణికట్టు పైన తెగిపడితే, ఛెన్ ఝోంగ్‌వెయ్ అనే సర్జన్ బృందం దాన్ని తిరిగి అతికించింది. పూర్తిగా తెగిపోయిన వేలిని అతికించడం రెండేళ్ల తర్వాత జపాన్‌లో సాధ్యమైంది. అప్పటికీ ఇప్పటికీ వైద్యం చాలా ముందుకెళ్లింది. అయితే సర్జన్లు అతికించగలిగేది ఎక్కువగా శుభ్రంగా తెగినవాటినే. బ్లేడు కోసిన వేలికి అవకాశం ఉంటుంది. రోలర్ లాగి ఒలిచేసిన చేతికి, స్క్రూ నలిపేసిన చేతికి రక్తనాళాలే మిగలవు, కుట్టడానికి ఏముంటుంది. మా ఫ్యాక్టరీల్లో జరిగేవి ఎక్కువగా ఈ రెండో రకానివే.

అతికినా కథ అక్కడితో అయిపోదు. ఇలాంటి గాయాలు తగిలినవాళ్లలో చాలామందికి చలి పడదు. కొంచెం చల్లగాలి తగిలినా వేళ్లు సలుపుతాయి, తెల్లబడతాయి. అది ఏళ్ల తరబడి ఉండొచ్చు. కోల్డ్ రూములో పనిచేసిన మనిషికి దానర్థం, చెయ్యి దక్కినా ఆ పని దక్కదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, జుట్టు ముడేసుకోవడం, జేబులోంచి తాళం తియ్యడం మళ్లీ నేర్చుకోవాలి. నేను పైన చెప్పిన అక్క కొన్నాళ్లు గేటు దగ్గర రిజిస్టర్ రాసింది, ఎడం చేత్తో. తర్వాత కాంట్రాక్ట్ మారింది, కొత్త కాంట్రాక్టర్ లిస్టులో ఆమె పేరు లేదు.

ఇంత రాసింది మిమ్మల్ని ఒకటి అడగడానికి. ఇలాంటి వార్త మళ్లీ వచ్చినప్పుడు మీ విలేకరి యాజమాన్యం మాటతో ఆపకుండా ఇంకొంచెం అడగాలి. అది ఉత్పత్తి నడుస్తున్నప్పుడు జరిగిందా, క్లీనింగ్‌లోనా? గార్డు ఎక్కడుంది? కరెంటుకి తాళం ఉందా, ఉంటే చెవి ఎవరి దగ్గర ఉంది? ఆ మెషీన్ ఆ వారంలో ఎన్నిసార్లు జామ్ అయింది? గాయపడ్డ మనిషి ఎవరి జీతం మీద ఉన్నాడు, ఆ మెషీన్ మీద అతనికి శిక్షణ ఇచ్చింది ఎవరు? వీటికి జవాబు రాకపోతే రాలేదనే రాయండి. నాలుగు లైన్ల వార్త ఆరు లైన్లు అవుతుంది, అంతే. మరుసటి రోజు ఇంకో ఫ్యాక్టరీలో మేనేజర్ ఆ ఆరు లైన్లు చదివి తన లైన్ వైపు ఒకసారి నడుస్తాడని నా ఆశ.

యజమానులకూ ఒక మాట. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1963లో చేసిన 119వ ఒప్పందం యంత్రాల గార్డుల గురించే. గార్డు లేని మెషీన్‌ని కార్మికుడు వాడకూడదు, వాడమని అతన్ని ఎవరూ ఒత్తిడి చేయకూడదు అని అందులో ఉంది. ప్రమాదకరమైన భాగాలకు రక్షణ లేకుండా మెషీన్‌ని అమ్మడం, అద్దెకివ్వడం కూడా కూడదంటుంది. సెకండ్ హ్యాండ్ మెషీన్లు కొనేవాళ్లకు ఇది తెలియాలి. నా దగ్గరికి వచ్చే పాత మెషీన్లలో మోటారు ఉంటుంది, బ్లేడ్లు ఉంటాయి, ఒక్కోసారి కొత్త పెయింటు కూడా ఉంటుంది. గార్డు ఏదండీ అంటే, రవాణాలో ఎక్కడో పోయిందంటారు. ఇకమీదట బేరం కుదిరేటప్పుడే గార్డులు, ఇంటర్‌లాక్ స్విచ్‌లు, వాటి డ్రాయింగులు బిల్లులో రాయించుకోండి. అవి రాకుండా మెషీన్‌ని షెడ్డులోకి దించనివ్వకండి.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్